శనగకాయలో పురుగు

పాప ఎనిమిదో నెలలోనే పుట్టింది. రొమ్ము పట్టే ఓపిక లేదు. పాలు పిండి, ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పోసేవాళ్ళం. నంద్యాల డాక్టరమ్మ బరువు చూసి, ఈ చలి దాటితే భయం లేదని చెప్పి ఆళ్ళగడ్డలో మా ఇంటికి పంపింది. దాటితే అన్న మాట ఒక్కటే నాకు మిగిలింది.

ఆ వారంలో అత్త చేని నుంచి పచ్చిశనగ చెట్లు తెచ్చింది. కాయలు ఒలుస్తుంటే ఒకదానికి చిన్న బొక్క. తల లోపలికి దూర్చి, ఒళ్ళు బయట వేలాడేసి ఆకుపచ్చ పురుగు తింటోంది. నేను నంద్యాల కాలేజీలో జంతుశాస్త్రం చదివినదాన్ని. ఇది మట్టిలోకి దిగి నిద్రపోతుందని, కొన్ని వారాలకు గోధుమరంగు రెక్కలతో లేచి రాత్రుళ్ళు ఎగురుతుందని తెలుసు. గాజుసీసాలో నల్లరేగడి నింపి, పురుగును వదిలి, మూతికి పాత చీరగుడ్డ కట్టాను. నాలుగు రోజులు నేను వేసిన కాయలు తిని అది మట్టిలోకి దిగిపోయింది.

అది బయటికొస్తే పాప బతుకుతుందని ఎప్పుడు అనుకున్నానో తెలియదు. సీసాను ఉయ్యాల పక్కనే పెట్టుకున్నాను. పగలూ రాత్రీ కలిసిపోయిన రోజులవి. పాప నిద్ర, మట్టిలోని ఆ నిద్ర ఒకటేననిపించేది. కళ్ళు మూస్తే గదంతా మెత్తటి నల్లమట్టి, అందులో ఎక్కడో సన్నటి ఊపిరి.

ఒక సాయంత్రం ప్రార్థన ముగించి లేచిన అత్త, నేను సీసాలో నీళ్ళు చిలకరించడం చూసింది. మా ఇంట్లో తాయెత్తులు, దిష్టి తీయడాలు ఉండవు.

“ఏందీ, మట్టికి మొక్కుతాండావా? బియ్యెస్సీ చదివి?”

ఏడుస్తూనే అంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది.

“ఇది రాకపోతే బిడ్డకు పాలు పోసేది మాన్తావా?”

నేను ఉయ్యాల వైపు చూశాను.

“మన చేన్లో శనగంతా తినేది ఇదే గదా. దాని బతుకు దానిది. బిడ్డను దానికెందుకు ముడేస్తివి?”

సీసాను తీసుకెళ్ళి బయట అరుగు మీద పెట్టింది. నేను మళ్ళీ దాన్ని చూసింది లేదు. తర్వాత ఆమె పాప బట్టలు విప్పి, నా రవిక తీయించి, పాపను నా గుండె మీద బోర్లా వేసి ఇద్దరికీ కలిపి కంబళి చుట్టింది.

“చెయ్యి ఈడ పెట్టు. చూసేదేదో ఈడ చూడు.”

నా అరచేతి కింద చిన్న వీపు లేస్తూ, దిగుతూ ఉంది. ఆ ఊపిర్లు లెక్కపెడుతూ నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి పాప తల పక్కకు తిప్పి, నోరు తెరిచి, రొమ్ము వెతుకుతోంది. దొరకలేదు. మళ్ళీ వెతికింది.