బానెట్ మీద మూడు బొట్లు

ఆ రోజుల్లో నాకు తెలుపంటే ఒకటే రంగు. ఇరవై నాలుగేళ్ల వయసు, బావ చెప్పి ఇప్పించిన గుమాస్తా ఉద్యోగం, భద్రాచలంలో అక్కావాళ్లింట్లో తిండి. ఇక లోకంలో తెలుసుకోవలసిందేమీ మిగల్లేదనుకునేవాణ్ణి. ఈ కథ మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. అందులో ఒక అబద్ధం ఉంది. అది నాది.

బావ తెల్ల కారు కొన్నాడు. డ్రైవరన్న (చండ్రుగొండ వైపు మనిషి, కారును పసిబిడ్డను తుడిచినట్టు తుడిచేవాడు) సెలవులో ఉన్న రోజు, బావ కూడా ఊళ్లో లేడని చూసుకుని, నేను దాన్ని బూర్గంపాడు దాకా తోలాను. ముందు కంకర టిప్పర్. దాటేయాలని దాని వెనకే బాగా దగ్గరగా పోయాను. టప్పు టప్పుమని రాళ్లు. ఇంటికొచ్చి చూస్తే బానెట్ మీద మూడు చోట్ల నువ్వుగింజంత పెయింట్ లేచి ఇనుము కనబడుతోంది. పెయింట్ దుకాణానికి పరుగెత్తాను. "ఏ తెలుపు? తెలుపుల్ల మస్తు రకాలుంటయ్" అన్నాడు దుకాణదారు. "మామూలు తెలుపు" అన్నాను. పెయింట్ పట్టాలంటే ముందు గీకాలని ఎవరో చెప్పింది గుర్తొచ్చి, గరుకు కాగితంతో శ్రద్ధగా రుద్దాను. నువ్వుగింజలు రూపాయి బిళ్లలయ్యాయి. పైన రంగు వేస్తే పెరుగు మరకల్లా తేలాయి (మామూలు తెలుపు మరి). అదీ గీకేసి, దేవుడి గూట్లోంచి కుంకుమ తెచ్చి, తడిపి, మూడు బొట్లు పెట్టాను.

"ఏందిరా, బండికి ఈడ గూడ దేవుడున్నడా?" అన్నాడు బావ.

"ఉండనియ్యుండ్రి. వానికి ఇప్పుడిప్పుడే భక్తొస్తున్నది" అంది అక్క.

ప్రతి శుక్రవారం బొట్లు తిరగబెట్టేవాణ్ణి. డ్రైవరన్న అవి చెరగకుండా చుట్టూ జాగ్రత్తగా తుడిచేవాడు. తడి కుంకుమ కింద ఇనుము ఏమవుతుందో నాకు తట్టలేదు. వానాకాలంలో ఒక శుక్రవారం, నేను బొట్లు పెట్టిన గంటకే కుండపోత. ఎర్రటి చారలు బంపర్ దాకా కారాయి. బావ గుడ్డతో తుడిస్తే కింద మూడు తుప్పు బిళ్లలు. డ్రైవరన్నను పిలిచాడు.

"కంకర లారీల ఎన్క ఉరికిచ్చి, సాటుకు గీకి పెట్టినవ్. అవ్నా, కాదా?"

"నాకెర్క లేదు సారూ. నేను గట్ల నడుపుతనా?"

"మరెవరు నడిపిండ్రు, దేవుడా?"

అక్క నవ్వింది. నేనూ నవ్వాను. డ్రైవరన్న నవ్వకుండా నా చేతుల వంక చూశాడు. గోళ్ల నిండా కుంకుమ. నిజం చెబితే బావ ఇప్పించిన ఉద్యోగం పోతుందని నాకు భయం. చెప్పకపోతే ఎవరి ఉద్యోగం పోతుందో కూడా తెలుసు. ఆయన తాళంచెవి బావ చేతిలో పెట్టి, పోతూ పోతూ గేటు దగ్గర నా పక్కన ఆగాడు. "తమ్మీ, జర చేతులు కడుక్కో" అన్నాడు మెల్లగా. కడుక్కున్నాను. ఆయన మళ్లీ రాలేదు.

"మావాడి భక్తి వల్ల దేవుడే ఆ డ్రైవర్ పని బయటపెట్టాడు" అని ఇంట్లో నా గురించి చెప్పుకుంటారు. ఇన్నేళ్లూ నేను కాదనలేదు. తోలింది నేను, గీకింది నేను, చివర్న నవ్వింది కూడా నేనే. ఇప్పుడు నా సొంత కారుకు నాలుగు చోట్ల పెయింట్ లేచింది, అలాగే ఉంచాను. మా వీధిలో ఎవరు కొత్త బండి కొన్నా బొట్టు పెట్టడానికి నన్నే పిలుస్తారు, నా చెయ్యి మంచిదని. ఆ మాట విని కొంచెం నవ్వొస్తుంది. పెట్టి వచ్చి, ఎవరూ చెప్పకుండానే చేతులు కడుక్కుంటాను.