ప్లగ్గు పీకే డాక్టరమ్మ

మా నాంపల్లి ఆస్పత్రిలో మత్తు ఇచ్చే డాక్టరమ్మ గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆవిడ మీద కాదు.

కొనబోయే మెషీన్ ఏదైనా ముందు ప్లగ్గు పీకి చూడటం ఆవిడ అలవాటు. మత్తు మెషీన్ కోసం ఓనరూ, ఆవిడా, స్టోర్స్ చూసే నేనూ అబిడ్స్ షోరూముకు వెళ్ళాం. సేల్స్ అతను పెద్ద తెర చూపించి మురిసిపోతుంటే ఆవిడ వంగి ప్లగ్గు పీకింది. తెర నల్లబడింది, గాలి కొట్టడం ఆగిపోయింది.

"డెమో పీస్ మేడమ్. బ్యాటరీ కొత్తది ఏసిస్తం."

"మనకు జనరేటర్ ఉన్నది గదా డాక్టరమ్మా, ఎందుకు ఫికర్?" అన్నాడు ఓనరు.

"అది అందుకునేదాకా పేషెంటుకు ఊపిరి ఎవరు ఇస్తరు సార్?"

ఓనరు అదే కొన్నాడు. పూజ రోజు తెరకు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. హారతి ఆరకముందే ఆవిడ వంగి ప్లగ్గు పీకింది. తెర మళ్ళీ నల్లబడింది.

"ముందుగాల మీరు పండుకోండ్రి సార్, మత్తు ఇస్త."

ఓనరు కదల్లేదు. ఆవిడను ఆ రోజే తీసేశాడు.

ఆవిడ మెట్లు దిగుతుండగానే ప్లగ్గు మళ్ళీ పెట్టింది నేనే.