ఉప్పాడ గోడ మీది పిల్ల

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. మొన్న మంగళవారం మధ్యాహ్నం కాలేజీ లైబ్రరీలో కొత్త పుస్తకాలకు నంబర్లు అంటిస్తూ ఉంటే వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ వెళ్ళిపోయిందక్కా" అన్నాడు. ఊపిరి అందక ఆవిడ పడుతున్న అవస్థ కొన్నాళ్ళుగా ఇద్దరం చూస్తూనే ఉన్నాం.

ఆవిడ మీలో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. ఉప్పాడలో చేపలమ్మి సంసారం ఈదిన మనిషి. ఇల్లు సముద్రంలో కలిసిపోయి, ఆ తర్వాత భర్త కూడా పోయాక, సామర్లకోటలో చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు దగ్గరకి వచ్చింది. మా పక్క వాటాలోనే కాపురం. మా వీధిలోకి మోపెడ్ మీద చేపలు తెచ్చే అతనికి ఆవిడంటే హడలు. మొప్ప ఎత్తి చూసి, "ఇది ఐసులో ఎన్నాళ్ళు పడుకుందో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అనేది. అతను నవ్వేసి అడుగునుంచి ఇంకోటి తీసేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. మా గుమ్మం ముందు మెట్టు మీద గోడకి జారబడి, కాళ్ళు చాపుకుంటేనే ఆవిడకి కూర్చున్నట్టు.

ఒక ఆదివారం నేను లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం ఆ మెట్టు మీదే పెట్టి లోపలికి వెళ్ళాను. ఫ్రాన్సులో ఇంప్రెషనిస్టులని పేరుపడ్డ చిత్రకారుల గురించిన పుస్తకం. అట్ట మీద సముద్రపు ఒడ్డు, రెండు మూడు పడవలు. తిరిగొచ్చేసరికి ఆవిడ దాన్ని ముట్టుకోకుండా, మీదకి వంగి చూస్తోంది.

"అమ్మాయ్, ఇలాంటి బొమ్మే మా ఇంట్లో ఉండేది" అంది.

ఆవిడ భర్త కొన్నాళ్ళు కాకినాడ పోర్టులో కూలికి వెళ్ళేవాడట. ఓడ మీద పనిచేసే ఎవరో ఒక క్యాలెండరు ఇచ్చారు. సంవత్సరం అయిపోయాక నెలలు చింపేసి, బొమ్మని మైదాపిండి జిగురుతో గోడకి అంటించాడు. అలల అంచున ఒక పిల్ల, ఒక చేత్తో గౌను పైకి పట్టుకుని, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూస్తూ ఉంటుంది.

"మా పిల్లా అంతే. పిలిస్తే మనిషి మొత్తం తిరిగేది కాదు, మెడ ఒక్కటే తిప్పేది. వచ్చిన వాళ్ళంతా, ఇదేంటే, మీ పిల్లని ఎప్పుడు బొమ్మ గీయించారూ అనేవోరు."

ఆ పిల్ల చిన్నతనంలోనే జ్వరం వచ్చి పోయింది. ఫొటో ఒక్కటీ లేదు. తీర్థానికి వెళ్ళినప్పుడు తీయిద్దాం అనుకుంటూనే ఉన్నారట. అప్పటినుంచి ఆ క్యాలెండరు బొమ్మ కిందే దీపం పెట్టింది.

"అది మా పిల్ల కాదని నాకు తెలీదా అమ్మా? తెలుసు. చూసుకోడానికి అదొక్కటే ఉంది మరి."

తుఫాను వచ్చినప్పుడు మంచాలు, గిన్నెలు, వలలు అన్నీ బయటికి చేర్చారు. బొమ్మ మాత్రం గోడకి అతుక్కుపోయి ఊడలేదు. లాగితే చిరుగుతుందని భయం. పొద్దున్నే తడిగుడ్డ పెట్టి నెమ్మదిగా తీద్దామన్నాడట భర్త. "పొద్దున్నకి గోడే లేదు" అని, ఆవిడ పాదాల మీద చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

కాసేపటికి అడిగింది. "అది మీ పుస్తకాల్లో ఉంటుందా?"

"వెతుకుదాం పెద్దమ్మా" అన్నాను. అడిగినవాళ్ళకి అడిగింది వెతికిపెట్టడమే నా ఉద్యోగం. ఇదీ దొరుకుతుందనే అనుకున్నాను. బొమ్మ ఎలా ఉండేదని తరచి తరచి అడిగాను. "దగ్గరికెళ్తే అన్నీ మరకలే. గుమ్మంలో నుంచుంటేనే పిల్ల" అని చెప్పింది. అది ఇంప్రెషనిస్టుల పద్ధతే అయ్యుంటుందని నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది.

మా కాలేజీలో బొమ్మల పుస్తకాలు ఒక అరలో సగం కూడా లేవు. అవి అయిపోయాక రాజమండ్రి వెళ్ళి ఒక పాత లైబ్రరీలో కూర్చున్నాను. అక్కడ పెద్ద సంపుటాలున్నాయి కానీ సగం బొమ్మలు నలుపు తెలుపుల్లోనే అచ్చయ్యాయి. లైబ్రేరియన్ గారు పాపం ఓపిగ్గా అన్నీ తీసిచ్చారు. చివరికి, "సముద్రం దగ్గర పిల్ల అంటే ఎట్లాగండీ మేడమ్? పెయింటర్ పేరో, బొమ్మ పేరో ఉండాలి కదండీ" అన్నారు. అది నేనే రోజూ స్టూడెంట్లకి చెప్పే మాట. పుస్తకం చివర సూచికలో చిత్రకారుల పేర్లుంటాయి, ఊళ్ళ పేర్లుంటాయి. మెడ తిప్పి చూసే పిల్ల ఏ అక్షరం కింద ఉంటుంది? ఇంటర్నెట్‌లో మ్యూజియంల సైట్లు వెతికితే అలాంటి పిల్లలు లెక్కలేనంత మంది వచ్చారు. వేరే ఊళ్ళ లైబ్రరీలకి రాసి పుస్తకాలు తెప్పించాను. ఆ క్యాలెండరు మీద బొమ్మ పేరున్న చిత్రకారుడిదో, ఎవరో ఊరూపేరూ లేని వాడిదో కూడా తెలియదు.

ఆదివారాలు ఆవిడ సబ్బుతో చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చేది. పేజీ నేను తిప్పాలి, ఆవిడ చూడాలి. చాలా బొమ్మల్లో మనుషులకి కళ్ళూ ముక్కూ ఉండవు, రంగు మరక ఒకటి ఉంటుందంతే. "ఈవిడకి మొహం ఏదమ్మా?" అని అడిగేది. వాళ్ళు ఎండనీ వెలుగునీ గీయాలనుకున్నారని ఏదో చెప్పాను. "ఎండ బాగుందని మొహం వదిలేస్తారేంటి! కన్నతల్లి చూస్తే ఊరుకుంటుందా?" అని నవ్వింది. ఇంకా తర్వాతి కాలం ఆధునిక చిత్రాల్లో రెండు కళ్ళూ ఒకే చెంప మీదున్న ఆడమనిషిని చూసి మాత్రం నవ్వలేదు. "ఈవిడకి ఏదో పెద్ద కష్టం వచ్చింది" అంది. నేను చదివిన వ్యాసాలేవీ ఆ బొమ్మ గురించి నాకు అంత దగ్గరగా చెప్పలేదు.

కొన్నాళ్ళకి ఒక తేడా గమనించాను. మొదట్లో గౌను తెలుపు అని చెప్పింది. తర్వాత నీలం అంది. జుట్టు విరబోసుకుని ఉండేదన్న మనిషి, రిబ్బను ఉండేదేమో అని ఆగిపోయింది. ఒక ఆదివారం నేను పేజీ తిప్పబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఇంక తేకమ్మా. చూసేకొద్దీ మా పిల్ల చెరిగిపోతోంది. కళ్ళు మూసుకుంటే ఈ పిల్లలే వస్తున్నారు."

పుస్తకం మూశాను. మూసినంత మాత్రాన ఆవిడ చూసినవన్నీ వెనక్కి పోతాయా? మా కాలేజీలో బొమ్మలు వేసే ఒక లెక్చరర్ చేత, ఆవిడ మొదట్లో చెప్పినట్టే పెన్సిల్‌తో గీయించి తెచ్చాను. మెట్టు మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. "బాగా గీశారు" అంది. అంతే. మడత పడకుండా రెండు చేతులతో పట్టుకుని నాకు తిరిగిచ్చేసింది. తర్వాత కూడా మా మెట్టు మీదకి వచ్చేది. చేపల గురించీ, కోడలి వంట గురించీ మాట్లాడుకునేవాళ్ళం. బొమ్మ సంగతి ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు.

వానలు మొదలయ్యాక ఆయాసం ఎక్కువైంది. కాకినాడలో ఆసుపత్రిలో చేర్చారు. కాలేజీ అయ్యాక రోజూ వెళ్ళేదాన్ని. ఒక సాయంత్రం వాళ్ళబ్బాయి నన్ను వరండాలోకి తీసుకెళ్ళాడు.

"మధ్యాహ్నం నుంచి అడుగుతోందక్కా, అమ్మాయి వచ్చిందా, బొమ్మ దొరికిందా అని. డాక్టరుగారు ఇంక చెప్పలేం అన్నారు. ఏదో ఒకటి చూపించి ఇదేనని చెప్పెయ్యక్కా, నీకు పుణ్యం ఉంటుంది."

నేను వెతికినవాటిలో ఆవిడ చెప్పినదానికి కొంచెం దగ్గరగా, అలల్లో నుంచున్న పిల్ల బొమ్మ ఒకటి ఫోన్‌లో ఉంది. లోపలికి వెళ్ళి మంచం పక్కన నుంచున్నాను. ఇదే అని చెప్పడానికి నోరు రాలేదు. కాదనడానికీ రాలేదు. ఫోన్ ఆవిడ కళ్ళ ముందు పట్టుకున్నాను.

ఆవిడ ఆక్సిజన్ మాస్క్ కొంచెం పక్కకి జరుపుకుని, ఆగి ఆగి చూసింది.

"ఎవరి పిల్లమ్మా?" అంది.

అబ్బాయి గోడవైపు తిరిగిపోయాడు. నేను తెలియదన్నాను.

"వాళ్ళమ్మ దగ్గర్లోనే ఉండుంటుందిలే. లేకపోతే అలల్లోకి అంత దూరం పోనిస్తుందా?"

ఫోన్ నా చేతిలోంచి తీసుకుని గుండెల మీద నిలబెట్టుకుని చూస్తూ ఉంది. కాసేపటికి స్క్రీన్ ఆరిపోయింది. ఆవిడ అటే చూస్తోంది. నేను వేలితో తాకి వెలిగించాను. మళ్ళీ ఆరింది. మళ్ళీ వెలిగించాను. టైమైపోయిందండీ, బయటికి వెళ్ళాలండీ అని నర్సు వచ్చి చెప్పేదాకా, ఆరినప్పుడల్లా వెలిగిస్తూ అక్కడే నుంచున్నాను.