పదకొండో పేరు మీది చీటీ

2022 వసంతం, కెనడా. గ్వెల్ఫ్‌లో మంచు కరిగి, రోడ్ల పక్కన బురదగా మిగిలిన రోజులు. నేను పేపర్ కన్జర్వేటర్‌ని. ఈ మాట చెప్పగానే మనవాళ్ళు చెట్లు కాపాడే ఉద్యోగం అనుకుంటారు. కాదు. చిరిగిన, చెదలు తిన్న, తడిసి అతుక్కుపోయిన పాత కాగితాలను ఇంకొన్ని తరాలు నిలిచేలా బాగుచెయ్యడం నా పని. హైదరాబాదులో ఒక రికార్డుల ఆఫీసులో తొమ్మిదేళ్ళు కరణాల భూమి రిజిస్టర్లు బాగుచేశాను. ఇక్కడికొచ్చాక ఇళ్ళలోని బైబిళ్ళు, పెళ్ళి సర్టిఫికెట్లు, ఓడ టికెట్లు. కాగితం ఎక్కడైనా కాగితమే, చెద ఎక్కడైనా చెదే.

డౌన్‌టౌన్‌లో పాత రాతి బిల్డింగ్ రెండో అంతస్తులో మా వర్క్‌షాప్. ఆ రోజు హెల్గా గారు మెట్లెక్కి వచ్చారు. ఎనభై అయిదేళ్ళ మనిషి, లిఫ్ట్ ఉందని చెప్పినా వినలేదట. చేతిలో దిండు గలీబులో చుట్టిన పుస్తకం. అట్ట ఊడిపోయి, కుట్లు తెగి, ఎత్తితే పేజీలు జారిపోయేలా ఉంది.

అది జర్మనీలో ఒక చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు మినిట్ బుక్. అంటే ప్రతి మీటింగులో ఎవరేం మాట్లాడారో, ఏం తీర్మానించారో రాసిపెట్టే పుస్తకం. ఆ దేశంలో ఫుట్‌బాల్ ఇంకా కొత్తగా ఉన్న కాలంలో పెట్టిన క్లబ్బు. అప్పట్లో వ్యాయామశాలల పెద్దలు ఈ ఆటను ఇంగ్లీషు జబ్బు అని ఈసడించేవారట. మైదానం ఇచ్చేవాళ్ళు లేరు. సిపాయిలు కవాతు చేసే గడ్డి నేలలో, ఆదివారాలు వాళ్ళు ఖాళీ చేశాక, గోల్ కర్రలు భుజాన మోసుకెళ్ళి పాతుకుని ఆడి, మళ్ళీ పీక్కొని తెచ్చుకునేవారట. ఆ క్లబ్బు రెండో ప్రపంచ యుద్ధంతో పోయింది. ఆడేవాళ్ళలో సగం మంది తిరిగి రాలేదు. మైదానంలో ఇళ్ళు లేచాయి. మిగిలింది ఈ ఒక్క పుస్తకం.

హెల్గా గారి నాన్న ఆ క్లబ్బుకి చివరి సెక్రటరీ. యుద్ధం అయిపోయిన కొన్నేళ్ళకు పదమూడేళ్ళ కూతుర్ని తీసుకుని ఓడెక్కి కెనడా వచ్చేటప్పుడు ఈ పుస్తకం తెచ్చారు. పెట్టెలో చోటు చాలక దుప్పట్లు తీసేసి దీన్ని పెట్టారని ఆవిడ గర్వంగా చెప్పారు. ఇప్పుడు ఆ ఊళ్ళో ఒక రిటైర్డ్ స్కూలు మాస్టారు, పాత మైదానం ఉన్న చోట ఒక స్మారక రాయి పెట్టిస్తున్నారు. క్లబ్బు మొదలుపెట్టిన పదకొండు మంది పేర్లు దాని మీద చెక్కిస్తారు. ఆ పేర్లు ఈ పుస్తకం మొదటి పేజీలో తప్ప ఇంకెక్కడా లేవు. పుస్తకం బాగుచేసి ఫోటోలు తీసి పంపితే, రాయి చెక్కే పని మొదలవుతుంది.

"పదకొండో పేరు మా తాతది," అన్నారు హెల్గా గారు. ఆవిడకి ఇక కావలసింది ఆ రాయి ఒక్కటే. డాక్టర్లు చెప్పిన గడువు గురించి కూడా ఆ రోజే చెప్పారు, బస్సు టైము చెప్పినంత మామూలుగా.

మొదటి పేజీ చూశాను. పదకొండు మందీ ఎవరి పేరు వాళ్ళే రాసి సంతకం చేశారు. పాత జర్మన్ చేతిరాత అది, ఇప్పటి అక్షరాలతో పోలికే ఉండదు. యుద్ధకాలంలోనే బడుల్లో నేర్పడం మానేశారు కాబట్టి హెల్గా గారికి రాదు. పదకొండో వరస మీద మాత్రం ఒక సన్నటి కాగితం చీటీ అతికించి ఉంది. దాని మీద మామూలు అక్షరాల్లో, నల్ల సిరాతో, ముత్యాల్లా రాసి ఉంది: హైన్‌రిచ్ వెబర్. ఆవిడ తాతగారి పేరు. పుస్తకం మొత్తంలో ఆవిడ చదవగలిగింది ఆ పేరూ, కింద నాన్న సంతకాలూ మాత్రమే.

ఇక్కడే నేను నోరు జారాను. మా రికార్డుల ఆఫీసులో ఇలాంటి చీటీలు వందల్లో చూశాను. పేజీ తిప్పేటప్పుడు అందరి బొటనవేలూ కింది మూలనే పడుతుంది, ఆ మూలన పేరు అరిగిపోతుంది. అప్పుడు గుమాస్తా ఒక చీటీ అతికించి అదే పేరు మళ్ళీ రాస్తాడు. పదకొండో వరస సరిగ్గా ఆ మూలనే ఉంది. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళయితే ఒక్క క్షణం ఆగి చూసేవాళ్ళు. నాకు అనుభవం ఎక్కువైంది.

"ఇది రిపేర్ చీటీ," అన్నాను. "కింద మీ తాతగారు స్వయంగా చేసిన సంతకం ఉంటుంది. జాగ్రత్తగా తీసి చూపిస్తాను."

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. తాతగారి చేతిరాత ఎప్పుడూ చూడలేదన్నారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చీటీ కదపకుండానే నేను ఆవిడకి ఒక సంతకం ఇచ్చేశాను.

నాలుగో రోజు ఆ పేజీ పనికి కూర్చున్నాను. ఆ పేజీలోని పేర్లు కాపీయింగ్ పెన్సిల్‌తో రాసినవి. చూడ్డానికి మామూలు పెన్సిల్ రాతే, కానీ చుక్క తడి తగిలినా ఊదారంగు సిరాలా కరిగి పారుతుంది. అందుకని చీటీ ఊడదీయడానికి తడి పెట్టేముందు కింద ఏముందో చూద్దామని, పేజీ కింద లైట్ షీట్ పెట్టాను. అది పలకలా పల్చగా ఉండి వెలుతురిచ్చే షీటు. దాని మీద కాగితం పెడితే పొరల వెనక రాత కూడా నీడలా కనిపిస్తుంది.

కింద సంతకం కనిపించింది. అరగలేదు, ఎక్కడా చెరగలేదు. కానీ అది హైన్‌రిచ్ కాదు.

మా ప్రాంతంలో జర్మన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళ బైబిళ్ళ కోసం ఆ పాత అక్షరాలు ఒక చార్టు పెట్టుకుని నేర్చుకున్నాను. అర్థం తెలియకపోయినా పైకి చదవగలను, మనలో చాలామంది మంత్రపుష్పం చదివినట్టు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కాగితం మీద రాసుకున్నాను. మోరిట్జ్ రోజెన్.

ఆ పేరు కోసం మిగతా పేజీలు తిప్పాను. మొట్టమొదటి మీటింగులోనే ఉంది, పక్కన, ఇంగ్లీషులోలాగే ఉన్న, బంతి అనే మాట. తరవాత ఏళ్ళ తరబడి, దాదాపు ప్రతి మీటింగులో ఉంది. చివరికి నాజీలు అధికారంలోకి వచ్చిన ఏడాది ఒక పేజీలో ఇంకో రెండు పేర్లతో కలిపి ఒకే వాక్యంలో ఉంది. ఆ తరవాత ఎక్కడా లేదు. ఆ పేజీ కింద సెక్రటరీ సంతకం హెల్గా గారి నాన్నది. ఆ సంతకంలోని ముత్యాల్లాంటి అక్షరాలూ చీటీ మీది అక్షరాలూ ఒక్కటే. వాక్యానికి అర్థం తెలియడానికి నాకు జర్మన్ రావలసిన అవసరం లేకపోయింది.

ఆ సాయంత్రం మా ఆయన రవికి చెప్పాను. కరీంనగర్ మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎవర్నీ నొప్పించే రకం కాదు. "ఎనభై అయిదేండ్ల మనిషికి ఇప్పుడు చెప్పి ఏం జేస్తవ్ పద్మా? చీటీ గట్లనే ఉండనియ్యి. బైండింగ్ జేసి ఇచ్చెయ్," అన్నాడు. నాకూ అదే చెయ్యాలనిపించింది, దాచుకోవడం ఎందుకు? చీటీ గట్టిగా ఉంది, తీస్తే కింది పేజీకి దెబ్బ అని రిపోర్టులో రాస్తే సరిపోతుంది, అడిగేవాళ్ళు లేరు. కానీ కాగితం మీది చీటీని ఎప్పటికైనా ఎవరైనా తియ్యొచ్చు. రాతి మీద చెక్కాక ఎవరు తీస్తారు? పైగా ఆవిడకి లేనిపోని సంతకం ఆశ పెట్టింది నేను.

మర్నాడు పదకొండు గంటలకు ఆవిడని రమ్మన్నాను. కూర్చోబెట్టి ముందు నా తప్పు చెప్పాను. రిపేర్ చీటీ అని మీకు చెప్పాను, చూడకుండా చెప్పాను, అది నిజం కాదు అన్నాను. తరవాత లైట్ షీట్ వెలిగించాను.

ఆవిడ చాలాసేపు చూశారు. నేను రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చుకున్నారు. ఆ తరవాత, ఆ పేరున్న పేజీలు చదవమన్నారు. అలా ఇద్దరం కలిసి చదివాం. నాకు అక్షరాలు తెలుసు, మాటలు తెలియవు. ఆవిడకి మాటలు తెలుసు, అక్షరాలు తెలియవు. నేను తడుముకుంటూ పైకి పలికితే, ఆవిడ విని, అర్థం ఇంగ్లీషులో చెప్పేవారు. నేను పలికే జర్మన్‌కి మొదట్లో ఒకసారి నవ్వారు కూడా.

మొదటి మీటింగులో ఇలా ఉంది: బంతి మోరిట్జ్ ఇంగ్లండు నుంచి తెచ్చాడు కాబట్టి అతని దగ్గరే ఉంటుంది, గోల్ కర్రలు అతని తండ్రి షెడ్డులో పెట్టాలి. అది విన్నాక ఆవిడ నవ్వు పోయింది. బంతి తెచ్చినవాడు, కర్రలు దాచుకోవడానికి చోటిచ్చినవాడు. అతను లేకపోతే క్లబ్బే లేదు.

ఆఖరి వాక్యం నేను పూర్తిగా పలికేదాకా ఆవిడ ఆపలేదు. ఆ ముగ్గురు సభ్యులూ యూదులు కాబట్టి వాళ్ళని క్లబ్బు నుంచి తొలగించడమైనది, తీర్మానానికి అందరూ ఒప్పుకున్నారు. కింద నాన్న సంతకం మాత్రం నేను చదవక్కర్లేకపోయింది.

"మా నాన్న దుప్పట్లు తీసేసి ఇది తెచ్చాడు," అన్నారు. "ఆట మీద ప్రేమ అనుకున్నాను. ఇంకెవరి చేతిలోనూ పడకూడదని తెచ్చాడేమో."

ఆవిడ పుస్తకం గలీబులో చుట్టేసి, చీటీ తియ్యడానికి ఒప్పుకుంటూ పెట్టాల్సిన సంతకం పెట్టకుండా వెళ్ళిపోయారు. ఈసారి లిఫ్టులో దిగారు.

రెండు వారాలు ఏ కబురూ లేదు. ఫోన్ చెయ్యాలని చాలాసార్లు అనిపించింది, చెయ్యలేదు. ఒక ముసలామెకి మిగిలిన కొద్ది రోజుల్లో తండ్రినీ తాతనీ తీసేసుకున్నానని బాధపడ్డాను. రవి చెప్పిందే మంచిదేమో అనుకున్నాను. నిజం చెప్పినవాళ్ళకి మనసు తేలికపడుతుందంటారు. నాకు పడలేదు.

మూడో వారం పుస్తకం పట్టుకుని మళ్ళీ వచ్చారు. మనిషి చిక్కిపోయారు. ఆ స్కూలు మాస్టారికి పేరు రాసి పంపారట. ఆయన ఊరి రికార్డులు వెతికి జవాబిచ్చారు. మోరిట్జ్, ఆయన భార్య, యుద్ధకాలంలో యూదుల్ని చంపే శిబిరాలున్న తూర్పుకి వెళ్ళే రైలెక్కించినవాళ్ళ జాబితాలో ఉన్నారు. దాని తరవాత ఏ కాగితమూ లేదు. పిల్లలు లేరు.

"చీటీ తియ్యండి," అన్నారు. "మా తాత పేరు ఏ రాయి మీదా లేకపోయినా ఆయన నాకు తాతే. ఈయనకి ఈ ఒక్క సంతకం తప్ప ఏముంది?"

చీటీని పారెయ్యడానికి వీల్లేదని నేనన్నాను. అదీ ఆ పుస్తకంలో జరిగిన సంగతే. ఆవిడ ఒప్పుకున్నారు. పాత పిండి జిగురు ఎండి పెళుసుబారింది కాబట్టి తడి లేకుండానే, సన్నటి స్పాచులాతో వెంట్రుకవాసి చొప్పున విడదీశాను. రెండు రోజులు పట్టింది. ఊపిరి గట్టిగా వదలాలన్నా భయమేసింది. మోరిట్జ్ సంతకం చెక్కుచెదరకుండా బయటికి వచ్చింది. చివరి అక్షరం కింద కుర్రతనంతో ఒక పెద్ద గీత కూడా గీసుకున్నాడు. చీటీని అదే పేజీ అంచున, తలుపులా తిరిగేలా, సన్నటి జపనీస్ కాగితంతో కట్టాను. ఇప్పుడు పేజీ తెరిస్తే రెండూ కనిపిస్తాయి.

పుస్తకం తీసుకోవడానికి వచ్చినప్పుడు రిపోర్టు చదవమని ఇచ్చాను. ప్రతి పనికీ మేం రాసేదే. ఏ దెబ్బ ఎక్కడ ఉంది, దేనివల్ల వచ్చింది, మేం ఏం చేశాం. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, ఒక చోట వేలు పెట్టారు. అక్కడ నేను, తరవాతి కాలంలో అతికించిన చీటీ అని రాశాను.

"ఎవరు అతికించారో రాయలేదు."

"మేం అది రాయం. మా దగ్గర సాక్ష్యం ఉండదు కదా."

"నేనున్నాను. నాకు అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. రాయండి."

ఇరవై ఏళ్ళకు పైగా నా రిపోర్టుల్లో తడి ఉంది, చెద ఉంది, ఎండ ఉంది, కాలం ఉంది. మనిషి లేడు. కాగితానికి ఏమైందో రాసి, చేసినవాళ్ళ పేరు వదిలెయ్యడం వృత్తి మర్యాద అనుకునేదాన్ని. చాలాసార్లు అది మర్యాద కాదు, నాకు సుఖంగా ఉండే పద్ధతి. ఆ ముగ్గుర్నీ తొలగించిన మీటింగు రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళంతా పాటించింది కూడా అదేనేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ తరవాత నాకు తెలిసింది తెలిసినంత వరకు రాస్తున్నాను, తెలియనిది తెలియదని రాస్తున్నాను.

ఆ రోజు ఆవిడ ముందే కంప్యూటర్ దగ్గర కూర్చుని ఆ వరస మార్చాను. చీటీ అతికించినది క్లబ్బు చివరి సెక్రటరీ అని, ఆయన పూర్తి పేరుతో రాశాను. ప్రింట్ తీసి ఇచ్చాను. ఆవిడ ఇంకోసారి చదివారు. కింద సంతకం పెట్టే చోట క్లయింట్ అని అచ్చు వేసి ఉంటుంది. ఆవిడ పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేసి, పైన, అతని కూతురు అని రాసి, సంతకం పెట్టారు.