పెదనాన్న కారు, పెద్దమ్మ ఆట

నా చిన్నప్పుడు దెగ్లూర్ చుట్టుపక్కల పల్లెల్లో కారు చప్పుడు వినిపించిందంటే అది మా పెదనాన్నదే అయ్యుండేది. ఎవరో వాడి వదిలేసిన పొడుగాటి పాత బండి అది. సీట్ల వెనక సామాన్లు పెట్టుకోవడానికి చాలా జాగా, దానికి పైకెత్తే తలుపు ఉండేవి. ఆయన దాన్ని కొన్నప్పటి నుంచి ఏ మెకానిక్ చేతికీ ఇవ్వలేదు. వైపర్ రబ్బరు పోతే సైకిల్ ట్యూబు కోసి తొడిగేవాడు. పెట్రోల్ ట్యాంకు చెమర్చితే బట్టల సబ్బు పిసికి అద్దేవాడు. ఆయన కారు కింద దూరితే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూసేవాళ్లం. ఆయన చేతుల్లో బాగుపడని వస్తువు ఉంటుందని మాకు తోచేది కాదు.

ఆ ఏడు వానలకు కారు అడుగు తుప్పు పట్టి చిల్లులు పడింది. పెదనాన్న నూనె డబ్బాల రేకు కోసి, గోనెపట్ట పరిచి వాటిని మూశాడు. పొగ గొట్టం వెనక సగం కుళ్లిపోతే దాన్ని కోసి పారేశాడు. మిగిలిన ముక్క కారు మధ్యలోనే, అడుగునే ముగిసిపోయింది. దాంతో బండి పులిలా గర్జించేది. ఆ మోత ఆయనకు నచ్చింది కూడా. వెనక జాగాలో చెక్క బిగించి, బొంత వేసి, పిల్లలకని ఒక సీటు చేశాడు. నేనూ మా తమ్ముడూ అక్కడ వెనక్కి తిరిగి కూర్చుని, మా కళ్ల ముందే జారిపోయే రోడ్డును చూసేవాళ్లం.

కొద్ది రోజులకే తమ్ముడు కారు దిగగానే వాంతి చేసుకోవడం మొదలైంది. తలనొప్పి అని ఏడ్చేవాడు. కొత్త సీటులో పిల్లలను చూసి ఊరి కళ్లు పడ్డాయని నానమ్మ మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసేది. ఒకసారి మా పెద్దమ్మ, అంటే పెదనాన్న భార్య, పాల క్యాన్లు ఒరిగిపోకుండా పట్టుకోవడానికి ఆ చెక్క మీద కూర్చుని సంత నుంచి వచ్చింది. దిగేటప్పుడు ఆమె తూలింది. గోడ పట్టుకుని చాలాసేపు నిలబడింది.

ఆ సాయంత్రం ఆమె పెదనాన్నతో అంది. "ఎనుక కూసుంటే తల తిరుగుతున్నది. లోపటికి పొగ అస్తున్నట్టుంది. జర సూడుండ్రి."

"పాత బండన్నంక వాసన రాదా? నీకు బండి సంగతి ఏమెరుక?" అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ నవ్వు తర్వాత ఇక ఎవరూ మాట్లాడకూడదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

పుష్యమాసంలో పెదనాన్న కొడుకు, మా పెద్దన్నకు నాందేడ్ సంబంధం కుదిరింది. పూలుపండ్లకు, అంటే నిశ్చితార్థానికి, ఇంట్లో చాలామంది పొద్దున్నే ఎస్టీ బస్సులో వెళ్లిపోయారు. కారులో ముందు పెదనాన్న, నాన్న కూర్చున్నారు. వాళ్ల వెనక పెద్దమ్మ, అమ్మ. అన్నిటికంటే వెనక, చెక్క మీద మేమిద్దరం. పెళ్లికూతురికి పెట్టే పట్టుచీర మూట పెద్దమ్మ ఒళ్లో ఉంది. చలికి అద్దాలన్నీ ఎక్కించేశారు. వెనక తలుపు సరిగా పడదని పెదనాన్న దాన్ని బయటి నుంచి తీగతో కట్టాడు.

బయలుదేరేటప్పుడు పెద్దమ్మ మా వైపు తిరిగి ఒక ఆట చెప్పింది. "కిలోమీటర్ రాయి కనవడ్డప్పుడల్లా దాని మీదున్నది సదివి గట్టిగ ఒర్రాలె. ఒకపారి అక్క, ఒకపారి తమ్ముడు. ఆపినోళ్లకు లడ్డు లేదు." వెనక్కి తిరిగి కూర్చున్నాం కనుక మాకు కనిపించేది దెగ్లూర్ ఎంత దూరమైందో చెప్పే వైపు. ఆ బండి మోతలో గొంతు చించుకుని అరిచాం. మెడ తిప్పి చూస్తే, మేము అరిచిన ప్రతిసారీ పెద్దమ్మ తల ఊపేది. ఆమె ముఖంలో ఆట ఆడుతున్న సంబరం లేదని నేను గమనించాను. ఎందుకో అర్థం కాలేదు.

నర్సీ దాటాక ఎండ ఎక్కింది. నాకు రాళ్లు రెండేసి కనిపించసాగాయి. నా అరుపు నాకే పక్క ఊరి నుంచి వినిపిస్తున్నట్టు ఉంది. ఒళ్లంతా బరువుగా, వెచ్చగా, హాయిగా ఉంది. తమ్ముడి వంతు వచ్చిన రాయి మెల్లగా జారిపోయింది. వాడు అరవలేదు. వాడు ఓడిపోయాడని నాకు సంతోషం వేసింది. ఆ సంతోషం కూడా చాలా దూరం నుంచి వచ్చినట్టుంది.

"చిన్నోడా! సదువు!" పెద్దమ్మ గొంతు వినిపించింది. "చిన్నోడా!"

వాడు నా భుజం మీదికి ఒరిగాడు.

"బండి ఆపుండ్రి."

"నిద్రవోయిండేమో. ఊకో. ముహూర్తం దాటిపోతది," అన్నాడు పెదనాన్న.

"ఆపుమంటున్న గద!"

ఆయన ఇంకా వేగం పెంచాడు. అప్పుడు పెద్దమ్మ తన పక్క అద్దం దించి, ఒళ్లో ఉన్న పట్టుచీర మూటను రోడ్డు మీదికి విసిరేసింది. నాన్న వెనక్కి చూసి, "అన్నా, వదినె చీర పారేసింది!" అని కేక పెట్టాడు. బ్రేకు పడింది.

పెదనాన్న తిట్టుకుంటూ చీర కోసం వెనక్కి పరిగెత్తాడు. పెద్దమ్మ వెనక తలుపు తీగను రెండు చేతులా పీకింది. అరచేయి తెగి రక్తం కారుతున్నా చూసుకోలేదు. తమ్ముణ్ణి లాగి జొన్నచేను గట్టు మీద పడుకోబెట్టింది. నన్ను అమ్మ ఈడ్చింది. వాడి ముఖం ఎర్రగా, ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతత చూసే అమ్మ గుండెలు బాదుకుంది. ఎడ్లబండి మీద వెళుతున్న రైతు ఒకతను దిగి, "పోరాలా కాయ్ ఝాలం?" అని, పిల్లాడికేమైందని మరాఠీలో అడుగుతూ తన నీళ్ల చెంబు అందించాడు. చీర దుమ్ము దులుపుకుంటూ వచ్చిన పెదనాన్న పిల్లవాడిని చూసి నిలబడిపోయాడు. ఆయన చేతిలోంచి చీర మళ్లీ మట్టిలో పడింది.

చల్లగాలి వీస్తూ ఉంది. చాలాసేపటికి తమ్ముడు దగ్గాడు, వాంతి చేసుకున్నాడు, ఏడ్చాడు. ఆ ఏడుపు విని పెదనాన్న రోడ్డు మీదే కూలబడ్డాడు. దారిన పోయే లారీలో వాడిని నర్సీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. విషయమంతా విన్న డాక్టరు, బండి పొగ విషం ఎక్కిందని, ఇంకొంచెం సేపు గడిచి ఉంటే పిల్లవాడు దక్కేవాడు కాదని అన్నాడు.

మర్నాడు పెదనాన్న ఒక్కడే కూర్చుని ఆ చెక్కను ఊడదీశాడు. దాని అడుగున రేకులు విచ్చుకున్నాయి. గోనెపట్ట మసితో నల్లగా ఉంది. తర్వాత నాందేడ్‌లో కొత్త గొట్టం పూర్తిగా వెనకదాకా వేయించాడు. అప్పటినుంచి పెద్దమ్మ ముందు సీటులోనే కూర్చునేది. ఆమె ఆపమంటే ఆయన కారణం అడక్కుండా ఆపేవాడు.

పెళ్లయితే జరిగింది. చీర సంగతి మాత్రం వియ్యాలవారికి ఎలాగో తెలిసి, పెద్దమ్మకు మతి సరిగా లేదన్న మాట చాలాకాలం నడిచింది. ఆమె ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. నేను కొంచెం పెద్దదాన్నయ్యాక అడిగాను, పొగ సంగతి నీకు ముందే తెలుసా అని.

"ఎరుక లేదు బిడ్డా, అనుమానమే. అందుకే గా ఆట వెట్టిన. మీ గొంతులు ఇనవడుతుంటే నాకు ధైర్యం."

"మరి చీరెందుకు పారేసినవ్?"

"మాటకు ఆగకపాయె. చీర కోసమన్న ఆగుతడేమో అనుకున్న."

తమ్ముడు ఇప్పటికీ నాకంటే గట్టిగా ఉన్నాడు. నేను నాందేడ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. నా జీవితంలో ఏదైనా తేడాగా తోచినప్పుడు, రుజువు దొరికేదాకా ఆగడం నేను మానేశాను. నవ్వినవాళ్లు నవ్వారు. కొన్నిసార్లు నా అనుమానమే తప్పయింది, క్షమించమని అడిగాను. మా అబ్బాయి కారు కొత్తది, ఏ చప్పుడూ చేయదు. మనవలు వెనక సీటులో ఫోన్లు చూసుకుంటూ ఒక్క మాటా మాట్లాడరు. కాసేపు ఓపిక పడతాను. తర్వాత నా మెడ దానంతట అదే వెనక్కి తిరుగుతుంది.

"ఏందిరా, ఉన్నరా?" అంటాను.

"ఉన్నం నానమ్మా," అంటారు తల ఎత్తకుండా. ఇద్దరి గొంతులూ వినిపించాకే మళ్లీ ముందుకు తిరుగుతాను.