గడ్డి దూడకి చుట్టిన ఓణీ

రెండువేల ఏడు, కార్తీక సోమవారం, పొద్దున సరిగ్గా ఆరు గంటలు. మెట్టకూరులో మా గేదెల పాక.

అరవై దాటాక నేను అక్షరాలు దిద్దుకున్న బడిలో, అంతకు రెండు రోజుల ముందు పంతులమ్మ జపాన్ వాళ్ళ చిన్న పద్యాలు చెప్పింది.

"మూడే ముక్కలు. కప్ప, ఈగ, నత్త, ఏదైనా సరే. వాళ్ళది బుద్ధుడి దారి. ప్రాణమున్న దేనికైనా నొప్పి ఒకటే, ఏదీ నిలవదు అంటారు."

"ఈగ మీద పద్యమా అమ్మా? మన చేపల బజారుకి రమ్మను, బండెడు రాసుకుపోతారు" అన్నాను. అందరూ నవ్వారు.

"మీరు గేదె మీద రాసుకురండి బాబాయ్ గారూ" అంది.

ఆదివారం మా గేదె దూడ చచ్చిపోయింది. దూడ కనబడకపోతే గేదె చేపదు, పాలు దిగవు. అందుకని తోలు ఒలిచి, ఉప్పు రాసి, గడ్డి కూరి దాని ముందు నిలబెడతాం. మా నాన్న అదే చేసేవాడు. నేనూ అదే చేశాను. తెల్లారి చూస్తే పొట్ట దగ్గర కుట్టు విడిపోయి గడ్డి రాలుతోంది. ఇంట్లోకి వెళ్ళి, మంచం మీద చేతికందిన పాతగుడ్డ తెచ్చి చుట్టేశాను. మసకలో చూసుకోలేదు. గేదె తోలునీ గుడ్డనీ కలిపి నాకింది. చేపింది. పిండుతున్నాను.

కుళాయి దగ్గర్నుంచి బిందెతో వచ్చిన మా ఆవిడ ఆగిపోయింది.

"ఏవయ్యా, అది పిల్ల ఓణీ కదయ్యా!"

మా ఒక్కగానొక్క కూతురు జ్వరంతో పోయి అప్పటికి రెండేళ్ళు. ఆ ఓణీని ఆవిడ ఉతకలేదు. రోజూ వాసన చూసుకుని పడుకునేది. ఇప్పుడు దాన్ని విప్పి ముఖానికి అదుముకుంది.

"గేదె చొంగ వాసనేనయ్యా. ఇంకేం లేదు."

పాలకి గిన్నె పట్టుకుని వచ్చిన పంతులమ్మ పాక బయటే నిలబడిపోయింది. గేదె మెడ చాచి ఓణీ కోసం వెతుక్కుంది. మా ఆవిడ దాన్ని కొడుతుందనుకున్నాను. ఓణీని మళ్ళీ గడ్డి దూడకి చుట్టింది.

"దానికైనా ఉండనీ" అంది.

బుద్ధుడి మాట అబద్ధం కాదు. ఆ మాట వల్ల మా ఆవిడకి ఒరిగిందేమీ లేదు. సాయంత్రం మూడు ముక్కలు రాశాను.

గడ్డి దూడని నాకుతోంది గేదె
చెంబు నిండా పాలు
ఓణీ తడిసిపోయింది

చదివి వినిపిస్తే, "ఎవరెవరం ఉన్నామో కూడా రాయి" అంది మా ఆవిడ.

నేను, మా ఆవిడ, పంతులమ్మ, గేదె అని రాశాను.

"దూడో?" అంది.

దూడ అని రాశాను.