నా ఏడుపుతో అమ్మిన బూట్లు

కాలేజీల బాస్కెట్‌బాల్ పోటీలు ఇంకో నెలకు మొదలైతయనంగ, ఒక అమ్మాయి చేవెళ్లల మా స్టీలు సామాన్ల దుకాణం వెతుక్కుంట వచ్చింది. బూట్ల కంపెనీకి యాడ్ తీసేటోళ్ల మనిషి. కోస్తా మాట, మెత్తగ మాట్లాడుతది.

"మేడమ్, డిగ్రీలో మీరు టీమ్ కెప్టెన్ అట కదా. పాత ప్లేయర్లందర్నీ మళ్లీ ఆ కోర్టుకి తీసుకొస్తున్నాం. మీ పీడీ సార్ కూడా వస్తున్నారు. మీరు ఆయన చేతికి బాల్ ఇవ్వాలి, అంతే. చూసేవాళ్లకి వాళ్ల కాలేజీ రోజులు గుర్తు రావాలి."

సార్ మాట వినంగనే వస్త అన్న. ఒక్క నిమిషం గూడ ఆలోచించలే.

మొయినాబాద్ దగ్గర మేము చదివిన కాలేజీల మట్టి కోర్టు ఉండేది. మధ్యాహ్నం నుంచి మగపిల్లలే ఆడేది. వాళ్లు ఇడిచిపెట్టినంక మాకు అరగంట మిగిలేది. చేవెళ్ల బస్సు పోతదేమోనని ఒక కన్ను రోడ్డు మీదనే. అయినా ఆ ఏడు మా ఆడపిల్లల టీమ్ ఫైనల్‌కు వచ్చింది. మాకు గూడ రోజూ ఒక గంట కోర్టు కావాలని నేను ప్రిన్సిపాల్‌కు కాయితం రాసిన. తెల్లారే పీడీ సార్ బస్సెక్కి మా దుకాణానికి వచ్చిండు. బాపు తెప్పించిన చాయ్ తాగుకుంట, "సేటూ, మీ బిడ్డ బాల్ ఆడనీకె వస్తలేదు, పోరగాండ్లతోని నవ్వనీకె వస్తున్నది" అన్నడు.

గిన్నెల అర ఎనుక నిలబడి విన్న. బాపు నన్ను ఒక్క మాట అడగలే. ఆ దినం నుంచి నా ఆట బంద్. వారానికి ఫైనల్. మావోళ్లు ఓడిపోయిండ్రు. మీ కెప్టెన్ భయపడి పారిపోయిందని సార్ వాళ్లకు చెప్పిండట. టీమ్‌ల నా పానంలాంటి దోస్తు సురంగల్ పిల్ల. ఆమె గూడ అది నమ్మి ఏండ్లకేండ్లు నాతోని మాట్లాడలే. అసలు సంగతి తెలిసినంకనే మళ్ల దగ్గరైంది.

షూటింగ్‌కు ఆ దోస్తును వెంట తోలుకపోయిన. నేను మాట్లాడేటప్పుడు ఫోన్ల రికార్డు చెయ్యమని చెప్పిన. కోర్టు ఇప్పుడు సిమెంటుది. వీళ్లు దాని మీద ఎర్రమట్టి చల్లి పాతగ చేసిండ్రు. సార్ మెడల విజిల్ ఏసుకొని కుర్చీల కూసున్నడు. "బాగున్నవా బిడ్డా" అన్నడు, ఏమీ జరగనట్టు.

కెమెరా పెట్టి ఆ అమ్మాయి అడిగింది, "సార్ గురించి మీకేం గుర్తుంది?"

"అంతా యాదికున్నది" అన్న. "సార్, మా దుకాణంల కూసొని మా బాపుకు ఏం చెప్పిండ్రో ఇక్కడ గూడ చెప్పుండ్రి. నేను ఏ పిల్లగానితోని నవ్విన్నో పేరు చెప్పుండ్రి."

సార్ తల దించుకున్నడు. "పాత ముచ్చట్లు ఇప్పుడెందుకు బిడ్డా."

"పాత ముచ్చట్ల కోసమే కద పిలిచిండ్రు."

గట్టిగ నిలబడి చెప్పాలనుకున్న. కని కండ్లల్ల నీళ్లొచ్చినయి. అందుకు నా మీద నాకే కోపమొచ్చింది. మొత్తం చెప్పి, బాల్ ఆయన ఒళ్లె ఏసి, ఎవరితోని మాట్లాడకుండ వచ్చేసిన.

పోటీలు మొదలైన దినమే యాడ్ వచ్చింది. నా మొఖం ఉన్నది, కండ్ల నీళ్లున్నయి, మాట లేదు. మాట తీసేసి పిల్లనగ్రోవి పెట్టిండ్రు. సార్ సిగ్గుతోని దించిన తల, ప్రేమతోని దించినట్టు కనవడ్డది. కింద "ఆడపిల్లలకు కోర్టు ఇచ్చిన గురువు" అని రాసి, పక్కన బూట్ల బొమ్మ. మొయినాబాద్ రోడ్డు మీద అదే పెద్ద బోర్డు. "అక్కా, నీ యాడ్ చూసి మా కాలేజీ యాదికొచ్చి ఏడ్చిన" అని గిరాకీలు చెప్తుంటే నాకు ఒళ్లు మండింది.

వాళ్లు ఒక పొరపాటు చేసిండ్రు. నా మొఖం చూపెట్టనీకె ఒప్పుకున్నట్టు సంతకం కాయితం షూటింగ్ అయినంక తీసుకుందామనుకున్నరు. నేను అప్పటికే ఎళ్లిపోయిన. తర్వాత పంపితే పెట్టలే. ఆ అమ్మాయికి ఫోన్ చేసిన.

"నా మొఖం ఉంటే నా మాట గూడ ఉండాలె. లేకుంటే రెండూ తీసేయుండ్రి."

"మేడమ్, అలా పెడితే బూట్లు ఎవరు కొంటారు? మీ టీమ్ అందరికీ తలో జత పంపిస్తాం."

వకీలుతోని నోటీసు పంపిన. నాలుగు దినాలకు యాడ్ ఆగింది. బోర్డు చింపుతుంటే స్కూటీ ఆపుకొని అయిపోయేదాక చూసిన. సార్ మొఖం సగం చినిగి గాలికి కొట్టుకుంటుంటే నాకు హాయిగ అనిపించింది. అబద్ధమెందుకు చెప్పాలె.

అంతటితోని ఆగలే. దోస్తు చేసిన రికార్డు పాత టీమ్ గ్రూపుల పెట్టిన. ఆడ నుంచి మా కాలేజీల ఇప్పుడు ఆడే పిల్లలకు చేరింది. మా కోర్టు మీద జరిగే ఫైనల్‌కు సారే ముఖ్య అతిథి. ఆయన చేతి నుంచి కప్పు తీసుకునేదే లేదని పిల్లలు చెప్పేసరికి, కాలేజీ ఆయనను రావద్దన్నది.

సార్ ఫోన్ చేసిండు. "ఈ వయసుల నా పరువు తీసినవు. నీ కోపం ఇంకా పోలేదా బిడ్డా?"

"పోలే సార్."

"నేను నీ మంచికే..."

ఫోన్ పెట్టేసిన.

ఫైనల్ నాడు బాపు గల్లా కాడ కూసొని, కండ్లద్దాలు పెట్టుకొని ఆ రికార్డు రెండుసార్లు చూసిండు. "ఆయన మాట విన్న. నిన్ను అడగకపోతి" అన్నడు.

"అవు బాపూ, అడగలే."

కండ్లద్దాలు తీసి, "ఆట చూడనీకె నన్ను గూడ తోలుకపో" అన్నడు.

"దుకాణం ఎవరు చూస్తరు?" అని స్కూటీ తాళం తీసుకున్న. సురంగల్ల దోస్తును ఎక్కించుకొని మొయినాబాద్ పోయిన.